కుడి స్ప్రింగు ఆయనది, ఎడమ స్ప్రింగు నాది

నేను కూర్చుంటే కారు ఒరిగిపోయిందని మా చుట్టాలందరూ చెప్పుకుంటారు. పెళ్ళిళ్ళలో చెప్పుకుంటారు, పేరంటాల్లో చెప్పుకుంటారు, ఇంట్లోకి కొత్త కోడలు వస్తే ముందు ఈ కథ చెప్పి ఆ తర్వాత కాఫీ ఇస్తారు. చెప్పినప్పుడల్లా నా బరువు కాస్త పెంచుతారు కూడా. ఆ లెక్కన ఇప్పటికి నేను పోర్టులో క్రేనుతో దించాల్సిన సరుకుని. అదంతా శుద్ధ అబద్ధం. కారు ఒరిగిన మాట నిజం. నావల్ల ఒరిగిన మాటా నిజమే. కానీ నా ఒంటి బరువుకి కాదు, నా బుర్ర బరువుకి. జరిగిన ఘోరం ఉన్నదున్నట్టు చెప్తాను, తీర్పు మీరే ఇవ్వండి.

మా కారు మామగారు కొన్నది. ఆయన పోయారు, ఆ మోడల్ చేయడం కంపెనీవాళ్ళు మానేశారు, కారు మాత్రం మా దువ్వాడ ఇంటి ముందు నిక్షేపంగా ఉంది. అయితే వెనక చక్రాల స్ప్రింగులూ షాకబ్జర్లూ ఎంతగా చచ్చిపోయాయంటే, రోడ్డు మీద అగ్గిపుల్ల పడి ఉన్నా వీపుకి తెలిసేది. సరిగ్గా అప్పుడే మా అత్తగారికి నడుం పట్టేసింది. సీతమ్మధార డాక్టరు బెల్టు ఇచ్చి, "కుదుపు తగలకూడదు" అని గట్టిగా చెప్పారు. అదే వారం మా ఆడపడుచు రమణమ్మ వదిన ఫోన్ చేసింది. ఆదివారం పొద్దున్న ఆవిడ మనవడికి సింహాచలంలో పుట్టువెంట్రుకలు. అంటే మా అత్తగారికి మునిమనవడు.

"కొండెక్కి ఆ గుంటడి గుండు సూడాల," అంది అత్తగారు. "గానీ ఈ కార్లో ఎక్కితే సింహాద్రప్పన్న నన్ను దిగనీడు. తనకాడే ఉంచేసుకుంటాడు."

"టాక్సీ మాట్లాడదాం అత్తయ్యా."

"మీ మావ కారుండగా ఊరోళ్ల కారెక్కుతానా? ఎల్తే ఇందులోనే ఎల్తాను. నేదంటే నేదు."

కాబట్టి ఆవిడ గుండు చూడాలంటే ఆదివారంలోపు స్ప్రింగులు మారాలి. ఇక్కడిదాకా ఇంట్లో ఎవరికీ గొడవ లేదు. ఏ స్ప్రింగులన్న దగ్గర మొదలైంది.

మా ఆయన ఉక్కు ఫ్యాక్టరీలో పనిచేస్తారు. ఈ ఊళ్ళో ఉక్కు ఫ్యాక్టరీ మనిషితో కాపురం చేయడమంటే ఏమిటో తెలిసినవాళ్ళకి తెలుసు. అప్పడాల పెనం కొన్నా ముందు దాన్ని వేలితో కొట్టి, చెవి దగ్గర పెట్టుకుని వింటారు.

"కంపెనీ పార్టే ఎయ్యాల. జెన్యూన్," అన్నారు. "నాను ఉక్కు తయారుసేసే మనిషిని. నాకు తెల్దేటి?"

"వరి పండించినవాడికి బిర్యానీ వండటం వస్తుందా?"

"నీకొచ్చేటి మరి?"

"డిగ్రీలో ఫిజిక్స్ చదివాను. స్ప్రింగుకి బరువులు వేలాడదీసి, పక్కన స్కేలు పెట్టి, ఎంత సాగిందో కొలిచి రికార్డు రాసిన చెయ్యి ఇది."

పాఠకులు ఈ ముక్క గుర్తుపెట్టుకోవాలి. తర్వాత నన్ను ఉరితీయడానికి పనికొస్తుంది.

"డబ్బా మీద పేరుంటే సరిపోయిందా?" అన్నాను. "లోకల్‌ది కూడా మీ ఫ్యాక్టరీ ఉక్కుతోనే చేసి ఉండొచ్చు. ఒకే ఇంటి పిల్లలు. ఒకడు కాన్వెంటుకి వెళ్ళాడు, ఇంకొకడు మున్సిపల్ స్కూలుకి వెళ్ళాడు. బరువు మోయడం ఇద్దరికీ వచ్చు."

"కాన్వెంటోడు ఒద్దికగా ఉంటాడు."

"మున్సిపల్ స్కూలువాడు దెబ్బకి ఓర్చుకుంటాడు."

ఇలా పోట్లాడుకుంటూనే శుక్రవారం వన్ టౌన్ వెళ్ళాం. స్పేర్ పార్టుల కొట్టాయన అటక మీంచి ఒక కంపెనీ డబ్బా దించి దుమ్ము దులిపాడు.

"ఇదొక్కటే ఉందండి. రెండోది ఎప్పుడొస్తాదో సెప్పలేను, మోడలే ఆపీసారు కదా. లోకల్‌వి అయితే ఎన్ని కావాలంటే అన్ని."

మా ఆయన ఆ ఒక్క స్ప్రింగునీ చంటిబిడ్డలా ఎత్తుకుని, తాళంచెవితో టింగుమని కొట్టి, "సూడు, గుడిగంటలా లేదూ?" అన్నారు. కళ్ళలో నీళ్ళొక్కటే తక్కువ. లోకల్‌ది కూడా కొట్టారు. అదీ టింగుమంది. "ఇది సైకిల్ బెల్లు," అన్నారు.

సరిగ్గా అప్పుడు నా బుర్రలో దీపం వెలిగింది. ఇల్లు అంటుకునే ముందు కూడా మొదట దీపంలాగే వెలుగుతుంది.

"ఇందులో గొడవేముంది? ఆ ఒక్కటీ కుడి పక్క వేయిద్దాం, మీరు కూర్చునే పక్క. ఎడమ పక్క నాది, లోకల్‌ది. కొండెక్కి దిగేసరికి ఏది గొప్పదో తేలిపోతుంది. అత్తయ్య నడుమే సాక్షి."

కొట్టాయన ఇబ్బందిగా నవ్వాడు. "జతగా ఎయ్యాలమ్మా…"

"మా కాపురమే జత కలవకుండా ఇన్నేళ్ళు నడిచింది. కారు నడవదా?"

మా ఆయనైనా ఆపాలి కదా! గెలుస్తానన్న ఆశ మనిషి నోరు కట్టేస్తుంది.

మా మెకానిక్ అప్పల్రాజు సంగతి చెప్పాలి. ఎవరు ఆఖర్న మాట్లాడితే వాళ్ళదే రైటు. "రెండు రకాలా? కుదరదేమోనమ్మా," అన్నాడు. నేను ప్రయోగం గురించి వివరించాను. "మేడమ్ సెప్పిందే కరెక్టన్నా," అన్నాడు. మా ఆయన కంపెనీ స్ప్రింగు మహిమ చెప్పారు. "అన్న సెప్పిందే కరెక్టమ్మా," అన్నాడు. ఇద్దరం కరెక్టయ్యాక ఇంక అడ్డేముంది? శనివారం సాయంత్రానికి రెండూ బిగించేశాడు.

ఇంటి ముందు కారు ఆగింది. ఎడమ పక్కకి తల వాల్చి, ఎవరో చెవిలో చాడీ చెప్తుంటే వింటున్నట్టుంది. ఎడమ చక్రానికీ బాడీకీ మధ్య నాలుగు వేళ్ళు కూడా పట్టలేదు. కుడి చక్రం పైన చెయ్యంతా దూరింది.

"నీది కూలబడిపోయింది," అన్నారు మా ఆయన, దాచుకోలేని ఆనందంతో.

"కాదు, మీది విర్రవీగి నిక్కింది."

ఒకే బరువు వేసినా రెండు వేరు వేరు స్ప్రింగులు ఒకేలా కుంగవని ఆనాడు రికార్డులో నా చేత్తో నేనే రాశాను. చక్కగా గీతలు గీసి, రంగు పెన్సిలుతో రాశాను. అది గుర్తుకొచ్చిన క్షణంలో నాకు కలిగిన భావాన్ని ఇక్కడ రాయను.

అప్పల్రాజుకి ఫోన్ చేశాం. "అన్న సెప్పినట్టు లోకల్‌ది కుంగిందండి," అన్నాడు. నేను ఫోన్ లాక్కున్నాను. "మేడమ్ సెప్పినట్టు కంపెనీది లేసిందండి," అన్నాడు.

"ఏదైతే అదైంది, మార్చెయ్!"

"ఈపాటికి కొట్లు మూసీసుంటారండి, రేపేమో ఆదివారం."

"పాతవే మళ్ళీ వెయ్యి."

"పాతవి పాతినుము కొట్లో పడీసేనండి. మీరే కదమ్మా, ఆ దరిద్రం నా కళ్ళబడకూడదన్నారు?"

అన్నాను. నాకు నోరిచ్చిన దేవుడు దానికి తాళం ఇవ్వలేదు.

ఆదివారం పొద్దున్న మళ్ళీ టాక్సీ మాట ఎత్తాను. అత్తగారు బెల్టు బిగించుకుని, వీధిలోకి వచ్చి, కారుని పైనుంచి కిందికి చూసి, "నడుం పట్టిందేటి దీనికి కూడా?" అని ఎక్కేసింది. ఆవిడ కుడి వైపు, నేను ఎడమ వైపు. గోపాలపట్నం దాకా ఆవిడ కొంచెం కొంచెంగా జారుతూ వచ్చింది. ఘాట్ రోడ్డు ఎక్కాక, కుడికి తిరిగిన ప్రతి మలుపులోనూ "అప్పన్నా!" అంటూ నా ఒళ్ళోకి వచ్చి పడింది. నేను ఒక చేత్తో తలుపు, ఒక చేత్తో అత్తగారిని పట్టుకున్నాను. పెళ్ళయినప్పట్నుంచి మేమిద్దరం అంత దగ్గరగా కూర్చున్నది లేదు. మా మధ్య ఎప్పుడూ కనీసం ఒక వాదన పట్టేంత జాగా ఉండేది.

ముందు సీట్లోంచి మా ఆయన, "అమ్మా, ఏ పక్క బాగుందే?" అని అడిగారు. ప్రయోగం ఇంకా నడుస్తోందన్నమాట.

"రోడ్డు సూడరా!"

నాకు లోపల్లోపల భయంగా ఉంది. ఆవిడ నడుం మళ్ళీ పట్టేస్తే? "నొప్పిగా ఉందా అత్తయ్యా?" అని మెల్లగా అడిగాను.

"ఒలమ్మ, ఏటి నొప్పి? ఇలా ఒరిగి కూకుంటే హాయిగా ఉందే. ఇన్నాళ్ళూ తిన్నగా కూకోబట్టే పట్టీసినట్టుంది."

కొండ మీద కేశఖండనశాల ముందు కారు ఆపేసరికి వదినా వాళ్ళూ, వియ్యాలవారూ, అందరూ అక్కడే ఉన్నారు. నా వైపు తలుపు కింది అంచు పక్కనున్న గట్టుకి తట్టుకుని సగమే తెరుచుకుంది. ఆ సందులోంచి నేను బయటపడిన తీరు, సంచీలోంచి బూడిద గుమ్మడికాయ లాగినట్టుందని తర్వాత విన్నాను.

"ఏటమ్మా, కారిలా ఒరిగిపోయింది?" అంది వదిన.

మా ఆయన నోరు తెరిచారు. ఫిజిక్స్, రికార్డు, ప్రయోగం, అన్నీ బయటికి వచ్చేవే. అంతకంటే ముందే అత్తగారు అందరికీ వినబడేలా, "కోడలు ఆ పక్కన కూకుంది కదే!" అనేసింది.

కొండంతా నవ్వింది. గుండు చేయించుకుంటూ ఏడుస్తున్న పిల్లాడు కూడా ఏడుపాపి నావంక చూశాడు.

జనం సర్దుకున్నాక ఆవిడని పక్కకి పిలిచి నిలదీశాను. "పరువు తీస్తారా? నా బరువుకి ఒరిగిందా అది?"

"అరవకే," అంది ఆవిడ, మునిమనవడి గుండు మీదనుంచి చూపు తిప్పకుండా. "లావంటే నవ్వి మర్సిపోతారు. తెలివితక్కువంటే తరాలు సెప్పుకుంటారు. సదూకున్నదానివి. నీ సదువు మీద మాట పడకూడదని ఒంటి మీద ఏసేను."

మర్చిపోతారన్నది మాత్రం తప్పిందనుకోండి. ఆవిడ కాపాడిన పరువుని ఇవాళ ఈ కథ అచ్చేయించి నేనే చేజేతులా తీసుకుంటున్నాను, అది వేరే సంగతి.

కంపెనీది రెండోది ఎంతకీ దొరకలేదు. చివరికి రెండు పక్కలా లోకల్ జతే వేయించాం. కారు తిన్నగా నిలబడింది. అంటే నేను గెలిచినట్టే, మా ఆయన ఒప్పుకోరు గానీ. ఆయన గుడిగంట ఇప్పుడు మా హాల్లో తలుపు కొట్టుకోకుండా అడ్డంగా ఉంటుంది. వారానికోసారి ఆయనే తుడుస్తారు.

ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవంటారు. ఒక యాక్సిల్ మీద ఇద్దరి పంతాలు ఇమడవు. కాబట్టి సింహాద్రి అప్పన్న సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఇక ఈ జన్మలో నా వాదన నెగ్గించుకోవడానికి కారు వెనక భాగాన్ని వాడుకోను. వాడుకున్నా ఎడమ పక్క కూర్చోను.

ఒక్క సంగతి మాత్రం తేలలేదు. మొన్న సీతమ్మధార వెళ్తుంటే, సమంగా ఉన్న కార్లో, తిన్నని రోడ్డు మీద, అత్తగారు జరిగి జరిగి నా భుజం మీదకి ఒరిగింది. "ఇప్పుడు కారు ఒరగలేదు కదా అత్తయ్యా?" అన్నాను. "ఒరగనేదేటి? నాకలవాటైపోనాది," అని కళ్ళు మూసుకుంది. అప్పట్నుంచి బుర్ర తొలిచేస్తోంది. ఆ రోజు కొండ మీదకి వెళ్తూ హాయిగా ఉందన్నదే, అది నడుం చెప్పిన మాటేనా, లేక నా బరువు కథలాగే నాకోసం అప్పటికప్పుడు అల్లిందా?