పది మంది లేనిదే ఆట లేదు

నాలుగు రోజులు ఆడింది ఆ సినిమా. కల్లంలో మిరపకాయలు ఎండటానికైనా అంతకంటే ఎక్కువ టైము ఇస్తాం మేం. ఐదో రోజు పొద్దుటికి దాని పోస్టరు మీద ఇంకో పోస్టరు అంటించేశారు. అందులో హీరోగారు ఒంటి చేత్తో లారీని ఆపుతున్నాడు. చిలకలూరిపేట హైవే మీద రోజూ ఆటో తోలేవాణ్ణి, లారీ ఎవరికి ఆగుతుందో ఎవరికి ఆగదో నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. ఆ లారీ సినిమా మాత్రం వారాల తరబడి ఆడింది.

నాకు నచ్చిన సినిమాలో లారీలు లేవు. ఒక పల్లెటూరి కుర్రాడు తెల్లారి లేచి గేదెల పాలు పితికి, టౌన్లో బడికి వస్తాడు. వాడు బోర్డు దగ్గరికి వెళ్ళినప్పుడల్లా క్లాసంతా ముక్కు మూసుకుంటుంది. ఎవరూ తిట్టరు, కొట్టరు. ఊరికే ముక్కు మూసుకుంటారు. అంతే కథ. చూసిన నలుగురూ ఒకటే మాట అన్నారు: "వాడు తిరగబడి కొట్టడేంట్రా?" టీ కొట్టు దగ్గర ఈ మాట మీద నాతో అరగంట పోట్లాడినవాడు పత్తి జిన్నింగు మిల్లులో పనిచేస్తాడు. గుమస్తా కనిపిస్తే లుంగీ దించుకుని నిలబడతాడు. ఆయనగారి తరఫున తెర మీద పదో తరగతి పిల్లాడు యుద్ధం చెయ్యాలి.

నా బాధ వేరు. నేను తొమ్మిదిలో బడి మానేశాను. మానేశాననడం కూడా గొప్పకే. జోకులేస్తున్నానని మాస్టారు రోజూ క్లాసు బయట నిలబెట్టేవారు. ఎలాగూ బయటే ఉన్నాను కదా అని ఒకరోజు అలాగే ఇంటికి నడిచొచ్చేశాను. రమ్మని ఎవరూ పిలవలేదు. బయట నిలబడ్డ పిల్లాడి మీద సినిమా తీస్తే, అది బాగుందో లేదో చెప్పే హక్కు మిల్లు మనిషి కంటే నాకే ఎక్కువ ఉందని ఇప్పటికీ నా వాదన.

మొదటి రోజే ఒక్కణ్ణీ చూసొచ్చి, మా అక్క కూతురికి చూపించాలని పట్టుబట్టాను. పదో తరగతి. అక్క మిరపకోత కూలీల ముఠాలో పనిచేస్తుంది. కోతల కాలంలో ఆ ఇంట్లో దుప్పట్లకీ, పుస్తకాలకీ, చివరికి పిల్ల జడకి కూడా ఘాటు పట్టేస్తుంది. బళ్ళో పిల్లలు అది కనిపెట్టారు. ఆమె వచ్చి బెంచీలో కూర్చోగానే ఒకడు తుమ్మేవాడు. తర్వాత వరసగా అందరూ. దొంగ తుమ్ములు. ఒకరోజు టీచరు కూడా నవ్విందట. మర్నాటి నుంచి పిల్ల పుస్తకాలు అటక మీద పెట్టేసి తల్లితోపాటు కోతకు వచ్చేస్తోంది. మూడు వారాలైంది. పరీక్షలు నెలన్నరలో ఉన్నాయి.

అంతకుముందు బడికి, ముఠాని తోటలకి దింపే నా ఆటోలోనే వచ్చేది. గేటు దాకా రానిచ్చేది కాదు. పెట్రోలు బంకు మలుపులో దిగిపోయేది, కూలీల ఆటోలోంచి దిగడం ఎవరూ చూడకుండా. నాకు అర్థం కాక కాదు. అక్కడ టైరు చూసుకోవడానికే ఆపుతున్నట్టు నటించేవాణ్ణి.

మూడో రోజు హాలుకు వెళ్ళి కనుక్కుంటే మేనేజరు తల అడ్డంగా ఊపాడు.

"పది మంది లేనిదే ఆట వెయ్యమండి. ఇందాక ముగ్గురొస్తే పంపించేశాం. రేపటితో తీసేస్తున్నాం కూడా."

నాలుగో రోజు అదృష్టం కొద్దీ తోటలో కోత మధ్యాహ్నానికే అయిపోయింది. ముఠాలో అక్కతో కలిపి ఎనిమిది మంది ఆడవాళ్ళు, మా మేనకోడలు, నేను. సరిగ్గా పది. ఆ ఎనిమిదిలో ముఠా మేస్త్రి అరవై దాటిన మనిషి. ఆవిణ్ణి ఒప్పిస్తే అందరూ ఒప్పుకున్నట్టే.

"పాటలున్నాయంట్రా?" అంది.

"ఒకటుంది అత్తా."

"ఫైటింగులు?"

"లేవు."

"పోన్లే, హాయిగా నిద్రపోవచ్చు. పద."

హాలు దగ్గర మెత్తటి సీట్లకే టికెట్లు కొని, చింపించుకుని లోపలికి వెళ్తుంటే మేనేజరు అడ్డం వచ్చాడు.

"ఏసీ హాలండి. ఈ ఘాటుకి మిగతావాళ్ళు కూర్చోలేరు. మీరు కింద ముందు వరసల్లో కూర్చోండి."

"మిగతావాళ్ళెవరండీ? ఉన్నదే మేం పది మందిమి."

"మెత్తటి సీట్లండి. వాసన పడితే పోదు. రేపటి కొత్త సినిమాకి ఫ్యామిలీలొస్తాయి."

మేం ఫ్యామిలీలం కాక ఏమిటో మరి. నోరు పెట్టుకుని బతికేవాణ్ణి నేను. ఎవరైనా ఒకటంటే నాలుగు తగిలిస్తానని పేరు. ఆ రోజు తలూపి పక్కకి తప్పుకున్నాను. గట్టిగా మాట్లాడితే ఆట ఆపేస్తాడని భయం. ఆడవాళ్ళు కూడా గొడవ పడలేదు. "ముందైతే బొమ్మ పెద్దగా కనపడుద్దిలే" అనుకుంటూ ప్లాస్టిక్ కుర్చీల్లోకి దిగారు. పిల్ల తలొంచుకుని వాళ్ళ వెనకే నడిచింది. ఏది పడలేక బడి మానేసిందో దాన్నే నేను వేలు పట్టి తీసుకొచ్చి మళ్ళీ చూపించినట్టయింది. అరిచి చెప్పాలన్నంత కోపం వచ్చింది, సగం ఆయన మీద, సగం నా మీద.

తెర మీద క్లాసంతా ముక్కు మూసుకున్నప్పుడు మేస్త్రి నిద్ర లేచింది.

"ఒక్కటి పీకొచ్చుగా ఆ మొదటివాణ్ణి."

"పీకితే వీణ్ణే పంపించేస్తారు నాయనమ్మా," అంది మా మేనకోడలు.

ఇంటర్వెల్ తర్వాత వచ్చి చూస్తే పిల్ల మా దగ్గర లేదు. వెనక్కి తిరిగాను. పైన, మధ్య వరసలో, మెత్తటి సీట్లో ఒక్కతే కూర్చుని ఉంది. మేనేజరు టార్చి వేసుకుంటూ వెళ్ళాడు.

"అమ్మాయ్, కిందికెళ్ళు."

"ఇది నా సీటేనండి. నంబరుంది చూడండి." టికెట్టు వెలుగులోకి చాపింది.

ముందు మేస్త్రి లేచింది. తర్వాత అక్క, ఆ వెనక మిగతావాళ్ళు. గాజుల చప్పుడుతో మెట్లెక్కి ఎవరి నంబరు వాళ్ళు వెతుక్కున్నారు. "లైటు తియ్ నాయనా, బొమ్మ కనపడట్లా," అంది మేస్త్రి.

అప్పుడు మేనేజరు తుమ్మాడు. పాపం, నిజం తుమ్మే. ఎవరూ నవ్వలేదు. పసిపిల్లలు తుమ్మితే పెద్దవాళ్ళు దీవిస్తారు చూడండి, అచ్చం అలాగే మా మేనకోడలు "నూరేళ్ళండి" అంది. ఆయన టార్చి ఆర్పేసి వెళ్ళిపోయాడు.

సినిమా చివర ఆ కుర్రాడు లెక్క పూర్తిచేసి, చేతికంటిన సుద్దపొడి దులుపుకుని, ముందు బెంచీలో కూర్చుంటాడు. అంతే. ఇది ముగింపే కాదన్నారు మనవాళ్ళు. ముందు బెంచీ ఎంత దూరమో వెనక కూర్చోనివాళ్ళకి తెలియదు.

సోమవారం పొద్దున పిల్ల యూనిఫాంలో వచ్చి ఆటో ఎక్కింది. బంకు మలుపులో అలవాటుగా స్లో చేశాను.

"టైరు బానే ఉంది మామయ్యా. గేటు దాకా పోనీ."

గేటు దగ్గర, ఆటోలో ఉన్న కూలీల ముఠా అంతా చూస్తుండగా దిగింది. నాలుగడుగులు వేసిందో లేదో గోడ పక్క నుంచి ఒకడు తుమ్మాడు. నేను హ్యాండిలు వదిలి దిగబోయాను. ఆమె తిరిగి చూసి, వద్దన్నట్టు అరచెయ్యి చూపించింది. తర్వాత వాడి వైపు తిరిగి ఏదో అంది. ఇంజను చప్పుడులో నాకు వినపడలేదు. వాడి పక్కనున్నవాళ్ళు నవ్వారు. వాడు నవ్వలేదు.