తాళాలామె

మా తాత పాలకీడు దిక్కున గొర్లు కాసిన మనిషి. అమ్మమ్మ పోయాక అమ్మ ఆయన్ని కోదాడకు తెచ్చుకుంది. కొన్నాళ్లకే మతిమరుపు మొదలైంది. సూర్యాపేట దవాఖానలో ఇది తగ్గేది కాదన్నారు. ఓ పొద్దున ఎవరికీ చెప్పకుండా నడుచుకుంటూ వెళ్లి, సాయంత్రానికి హుజూర్‌నగర్ బస్టాండులో దొరికాడు. మర్నాటి నుంచి మా గేటుకు తాళం పడింది.

నాకు ముక్కు మీదే ఉంటుంది కోపం. "ఇది ఇల్లా, జైలా?" అని అమ్మ మీద ఎగిరాను.

"సిమెంటు లారీలు తిరిగే రోడ్డు. కింద పడితే మా నాయినను నువ్వు తెచ్చిస్తవా?" అంది. అదీ నిజమే. కోపం మాత్రం పోలేదు.

పొద్దంతా తాత గేటు ఊచలు పట్టుకుని, "నేనేం దొంగతనం జేసిన?" అని దారిన పోయేవాళ్లను అడిగేవాడు. కన్నకూతురని మరిచిపోయి అమ్మను 'తాళాలామె' అనేవాడు. "తాళాలామె తిండి మంచిగనే పెడ్తది గని, బయటికి పోనియ్యది," అని నాకే చాడీలు చెప్పేవాడు. నాకు నవ్వొచ్చేది. అమ్మ కూడా నవ్వేది, ఆ తర్వాత వంటింట్లోకి వెళ్లి, తోమిన గిన్నెలే మళ్లీ తోమేది.

పొద్దు వాలిందంటే తాత వేరే మనిషి. మందను దొడ్లోకి తోలే వేళ కదా! కర్ర పట్టుకుని గేటు పక్కన నిలబడి, నాలుకతో టక్‌టక్‌మనిపిస్తూ మమ్మల్ని ఒక్కొక్కరినే లోపలికి తోలేవాడు. స్కూటర్ దిగి నాన్న కూడా బుద్ధిగా తోలించుకునేవాడు. అందరం చేరాక తాళం తనే వేసేవాడు. పగలంతా తిట్టిన ఆ తాళాన్నే పడిందో లేదో లాగి చూసుకునేవాడు.

ఒకరోజు అమ్మ మిర్యాలగూడలో పెళ్లికి వెళ్లింది. బస్సు దొరక్క ఆలస్యమైంది. "అందరం వచ్చినం తాతా, తాళమెయ్యి," అని చేతికివ్వబోయాను. తీసుకోలేదు.

"ఒకటి తక్కువున్నది."

ఎవరంటే చెప్పలేడు. కుర్చీ వేస్తే కూర్చోడు. గేటు బార్లా తెరిచి ఉంది, ఎటైనా వెళ్లిపోవచ్చు. ఆయన మాత్రం అడుగు బయట పెట్టకుండా రోడ్డు వైపే చూస్తూ నిలబడ్డాడు.

అమ్మ ఆటో దిగి, తెరిచున్న గేటు చూసి ఉరికొచ్చింది. తాత దారిచ్చాడు. ఆమె వీపు మీద చెయ్యేసి లోపలికి నడిపించి, నా చేతిలోంచి తాళం తీసుకున్నాడు.

"నేనెవరో యాదికొచ్చిందా నాయినా?" అంది అమ్మ.

తాత ఆమె మొహంలోకి చూశాడు.

"లేదు బిడ్డా," అన్నాడు. "నువ్వు రాందే తాళమెయ్యబుద్ధి గాలె."