రాతి ఇల్లాలికి శుక్రవారం బొట్టు

ఛాయాచిత్ర ప్రదర్శనకు ఈ రోజే గడువు. అందుకని ఉదయమే కోట దగ్గరి పాత జమీందారు తోటకు వెళ్లి, కడవ ఎత్తుకున్న పాలరాతి స్త్రీ విగ్రహం ముందు మోకరిల్లాను. వెనుకనున్న కొబ్బరిచెట్టు ఆమె నెత్తిన మొలిచినట్లు కనబడకుండా గంటసేపు జరిగి జరిగి కోణం కుదుర్చుకున్నాను. సరిగ్గా అప్పుడే తోటపని చేసే రమణమ్మ వచ్చి, విగ్రహం ముఖానికి పసుపు పూసి, రూపాయి బిళ్లంత కుంకుమబొట్టు పెట్టింది.

"ఒక్క నిమిషం ఆగమ్మా!" అని మొత్తుకున్నాను.

"శుక్రవారం పూట ఆడమనిషిని బోసి మొగంతో ఫొటో తీస్తారా అయ్యోరా? మీ ఇంట్లో అమ్మని అట్నే తీసినారా?"

నవ్వు ఆపుకుంటూనే మీట నొక్కాను. ఇంటికి వచ్చి చూస్తే, ఆ విగ్రహం తలంటు పోసుకొని పేరంటానికి బయలుదేరిన ఇల్లాలిలా ఉంది!

ఈ చిత్రాన్ని ప్రదర్శనకు పంపవచ్చునా? మిత్రులు నిస్సంకోచంగా సలహా చెప్పగలరు. నేనైతే పంపేశాను.