వియ్యంకుడుగారి కొండలు

మా వియ్యంకుడుగారు స్కాట్లండ్‌లో పుట్టి, ఉద్యోగం కోసం అమెరికా వచ్చిన మనిషి. రిటైరయ్యాక హెర్న్‌డన్‌లోనే మా ఇంటికి దగ్గర్లో ఉంటున్నారు. వాళ్ల భోజనాల గదిలో గోడంతా తన దేశపు కొండల మ్యాపే.

అమ్మాయి పెళ్లయిన మొదటి చలికాలం ఆయన నన్ను భోజనానికి పిలిచారు. తినడం అయ్యి చూద్దును కదా, మా అమ్మాయి ఆ మ్యాపు ముందు కుర్చీ వేసుక్కూర్చుంది. ఆయన వేలు పెట్టి చూపిస్తున్నారు, అది చదువుతోంది. మ్యౌల్ అంటే ముద్దలాంటి గుట్టట. స్కూర్ అంటే కోసుగా లేచిన రాతిశిఖరం. కొండ ఒంట్లో గిన్నెలా తొలిచినట్టున్న పల్లం పేరు కొర. అసలు అర్థం గంగాళం.

"ఇదేమో అన్ చ్యాలఖ్, అమ్మా. కొలిమి అంట. సో కూల్ కదా?"

ఆ చివరి 'ఖ్' గొంతు లోపల్నుంచి ఎంత శ్రద్ధగా తీసిందో! కళ్లకీ కల్లుకీ తేడా లేకుండా పలికే పిల్ల అది. ఆదివారం తెలుగు క్లాసుకు తీసుకెళ్తే కారు దిగనని ఏడ్చిన పిల్ల. నా కడుపులో మంట మొదలైంది.

తిరిగొస్తూ కారులో అడిగాను. "నల్లగొండ అంటే ఏందో తెలుసా నీకు?"

"మీ ఊరు కదమ్మా."

"అర్థం అడుగుతున్న. నల్లటి కొండ."

"ఓ. నైస్," అని ఫోన్ చూసుకుంది.

ఆ శీతాకాలమంతా ప్రతి శనివారం అక్కడికే వెళ్లింది. నేను పులిహోర ఇచ్చే వంకతో వెళ్లి తొంగిచూసేదాన్ని. ఇక ఉండబట్టలేక నల్లగొండలో ఉన్న మా అన్నకు ఫోన్ చేశాను. చుట్టుపక్కల గుట్టల పేర్లన్నీ చెప్పమన్నాను.

"గుట్టల పేర్లు నీకెందుకే? అమెరికాల ఏమన్న పరీక్ష పెట్టిన్రా?" అని నవ్వాడు. తర్వాత ఒక్కొక్కటే గుర్తుచేసుకుని చెప్పాడు: కాపురాల గుట్ట, బోడిగుట్ట, ఎర్రగుట్ట. "సగం గుట్టల్ని క్రషర్లే తినేసినయ్. పేర్లే మిగిలినయ్," అన్నాడు.

వసంతంలో అమ్మాయి, ఆయన, నేను ముగ్గురం బ్లూ రిడ్జ్ కొండలు చూడ్డానికి వెళ్లాం. రోడ్డు పక్కన కారు ఆపుకుని నిలబడితే వరసలు వరసలుగా నీలం. ఇదే సందనుకుని, మా ఊరి పాతపేరు నీలగిరి అని, ఆ మాటకు అర్థం నీలి కొండ అని ఇంగ్లిష్‌లో చెప్పాను.

"మాకూ ఒకటుంది. కెయిర్న్‌గోర్మ్. నీలి కొండే," అన్నారాయన.

అమ్మాయి కళ్లు పెద్దవి చేసుకుని ఆయన వైపు తిరిగింది. నేను ఊరుకోలేదు. చెట్టూ చేమా లేకుండా నున్నగా ఉన్న ఒక శిఖరాన్ని చూపించి, "మేమైతే దీన్ని బోడిగుట్ట అంటాం," అని అర్థం కూడా చెప్పాను.

"మేం మూల్ అంటాం. అదీ బోడే," అన్నారు, చిన్నపిల్లాడిలా సంబరపడుతూ. నాకు మాత్రం, నా చేతిలోది లాక్కున్నట్టనిపించింది.

ఆయన నావైపు తిరిగి అడిగారు. "ఈ మాటలు మీకెవరు నేర్పారు?"

"ఎవరూ నేర్పలేదు. ఇంట్లో మాట్లాడుకునేవాళ్లం."

"మా కొండల పేర్లన్నీ గేలిక్ భాషవే. మా అమ్మకు అది వచ్చు. పిల్లలతో మాత్రం ఇంగ్లిషే మాట్లాడేది. ఆవిడ పోయాక, ముసలితనంలో ఆన్‌లైన్ క్లాసులో నేర్చుకున్నాను. నిజం చెప్పాలంటే మిమ్మల్ని చూస్తే నాకు అసూయగా ఉంది," అన్నారు.

నా మనసు చల్లబడాల్సిన మాటే అది. కొంత చల్లబడింది కూడా. కానీ మా అమ్మాయి వెళ్లి ఆయన భుజం మీద చెయ్యి వేసింది. నా చూపంతా ఆ చేతి మీదే నిలిచింది.

ఇప్పుడు శనివారాలు నేనూ వెళ్తున్నాను, వంకలేం లేకుండానే. వాగుకీ, లోయకీ, కొండ భుజానికీ మా ఇద్దరి దగ్గరా ఏ మాట ఉందో అమ్మాయి అడుగుతుంది. నేను చటుక్కున చెప్పేస్తాను. ఆయన ఒక్కోసారి తడుముకుని డిక్షనరీ తెరుస్తారు. అద్దాలు సవరించుకుంటూ ఆయన వెతుక్కుంటున్నంతసేపూ అమ్మాయి నావైపే చూస్తూ ఉంటుంది. ఆ మాట ఆయనకు ఇంకాసేపు దొరక్కపోతే బాగుండుననిపిస్తుంది.