దోమక్క తొమ్మిదో రోజు

ఆ సంతాన సాఫల్య కేంద్రంలో రక్తం తీసే ఆవిడను అందరూ దోమక్క అంటారు. ఆవిడ సూది గుచ్చితే దోమ కుట్టినంత కూడా తెలియదని ఎవరో పేషెంటు పెట్టిన పేరు. పదకొండేళ్లుగా అదే గది, అదే బల్ల.

కుదురుగా ఒకచోట ఉండే మనిషి కాదు. రక్తాన్ని తిప్పి వేరుచేసే సెంట్రిఫ్యూజ్ తిరుగుతున్నంతసేపూ గదిలో తానూ తిరుగుతుంది. సర్దిన ట్యూబులే మళ్లీ సర్దుతుంది. యంత్రం ఆగేసరికి ఎర్రకణాలు అడుగుకు చేరి, పైన పసుపుపచ్చటి ద్రవం తేలుతుంది. దాన్ని ఇంకోసారి తిప్పి, ప్లేట్‌లెట్లు చిక్కగా ఉన్న ఆ కాస్త ప్లాస్మాను సిరంజిలోకి తీసి డాక్టరమ్మకు అందిస్తుంది. గర్భసంచి లోపలి పొర పలచగా ఉన్నవాళ్లకు, వాళ్ల రక్తంలోంచే తీసిన దాన్ని సన్నటి గొట్టంతో లోపలికి పంపుతారు. పొర మందమైతే పిండం అంటుకుంటుందని ఆశ. ఇది పనిచేస్తుందా అని అడగని పేషెంటు లేదు. డాక్టరుగారిని అడగండి అని తప్పించుకునేది దోమక్క.

ముప్పై ఎనిమిదో ఏట పేషెంటు కుర్చీలో తానే కూర్చోవలసి వచ్చింది. ల్యాబులో తయారైనవి రెండే పిండాలు. ఎన్ని మాత్రలు మింగినా పొర ఐదున్నర మిల్లీమీటర్లు దాటలేదు. డాక్టరమ్మ ఏమీ దాచలేదు. ప్లాస్మాతో కొందరికి పొర పెరిగిన మాట నిజమే గాని, బిడ్డ పుడుతుందని గట్టిగా చెప్పేంత రుజువు లేదంది.

లిఫ్టులు బాగుచేసే భర్త ఆ సాయంత్రం అడిగాడు. "నీకు నమ్మకం ఉందా?"

"లేదు. కానీ ఊరికే కూర్చోలేను."

పక్క బల్ల టెక్నీషియన్ ఆమె రక్తం తిప్పుతుంటే దోమక్క నాలుగుసార్లు లేచి వెళ్లి యంత్రం మూత దగ్గర చెవి పెట్టింది. చివరికి అతను ఆమెను బయటికి పంపి తలుపేసుకున్నాడు. ఆ ప్లాస్మా పంపాక పొర కావలసిన ఏడు మిల్లీమీటర్లకు చేరింది. ఒక పిండాన్ని లోపల పెట్టారు. పద్నాలుగు రోజులు ఆగి పరీక్ష చేయించుకోమన్నారు.

తొమ్మిదో రోజు మధ్యాహ్నం, అందరూ భోజనాలకు వెళ్లాక, ఆవిడ గది గడియ పెట్టింది. రబ్బరు పట్టీని పళ్లతో బిగించి తన చేతికి తానే సూది గుచ్చుకుంది. మొదటిసారి నరం తప్పింది. రెండోసారి దొరికింది. గంట తర్వాత వచ్చిన గర్భం హార్మోను అంకె పద్నాలుగు. అవుననడానికి చాలదు, కాదనడానికి ఎక్కువ.

ఇంటికి వచ్చి స్టవ్ మీద గిన్నె పెట్టి, వెలిగించడం మరిచిపోయింది. భర్త ఆమె మోచేతి మడతలోని దూదిని చూశాడు.

"ఎంతొచ్చింది?"

"పద్నాలుగు."

"మంచిదేనా?"

"తెలీదు."

అతను స్టవ్ వెలిగించి ఆమె పక్కన నిలబడ్డాడు. "లిఫ్టులో ఇరుక్కున్నవాళ్లకి కదలకండి, వచ్చేస్తున్నాం అని చెప్తాం. నీకేం చెప్పాలో తెలీట్లేదే."

పదకొండో రోజు మళ్లీ చూసుకుంటే అంకె ఆరైంది. పద్నాలుగో రోజు అందరి ముందూ చేసిన పరీక్షలో ఏమీ మిగల్లేదు. తొందరపడి ముందే చూసుకున్నందుకు డాక్టరమ్మ మెత్తగా చీవాట్లు పెట్టింది. మరుసటేడు దోమక్క, దాచి ఉంచిన రెండో పిండాన్ని, ఈసారి ప్లాస్మా లేకుండానే, పెట్టించుకుంది. అదీ నిలవలేదు. మళ్లీ మొదలుపెడదామా అని డాక్టరమ్మ అడిగితే, చాలు మేడమ్ అంది. అందే గాని మనసు ఒకచోట నిలవలేదు. నెలల తరబడి ఇంట్లో మంచాన్ని ఈ గోడ నుంచి ఆ గోడకు జరుపుతూనే ఉంది. భర్త రెండోవైపు పట్టుకునేవాడు.

పనిలో మాత్రం ఒకటి మారింది. ఒక ఉదయం ప్లాస్మా కోసం కొత్తగా వచ్చిన అమ్మాయి చెయ్యి చాపుతూ, ఇది పనిచేస్తుందా అక్కా అని అడిగింది. దోమక్క పట్టీ వదులుచేసి ఎదురుగా స్టూలు లాక్కుని కూర్చుంది.

"నేనూ చేయించుకున్నానమ్మా. పొర పెరిగింది. బిడ్డ నిలవలేదు. ఇక్కడ కొందరికి నిలిచింది కూడా. అది దీనివల్లో కాదో ఎవరూ ఖాయంగా చెప్పలేరు. ఆలోచించుకుంటావా?"

అమ్మాయి కాసేపు సెంట్రిఫ్యూజ్ వైపు చూసింది. తర్వాత చెయ్యి మళ్లీ బల్ల మీద పెట్టింది.

"తియ్యక్కా."