కంచం ముందు రజిత

చలికాలం మొదలయ్యాక, తెల్లవారుతుండగా కలకత్తా పక్కనున్న మా సంత్రాగాఛి మీదుగా బాతులు ఈల వేసుకుంటూ వెళతాయి. రైల్వే యార్డులో ఇంజన్ల కూతలు, లోకల్ రైళ్ల చప్పుడు, వాటి మధ్యలోంచి సన్నగా ఆ ఈల. కొత్తగా వచ్చినవాళ్లు పిల్లలెవరో ఆడుకుంటున్నారనుకుంటారు. నేను మాత్రం పొయ్యి మీది టీ గిన్నె అలాగే వదిలేసి గుమ్మంలోకి వస్తాను. అవి రాత్రంతా పొలాల్లో మేసి ఇప్పుడు నిద్రకు వెళుతున్నాయని నాకు చెప్పిన పిల్ల రజిత. మా మేడమీది గదిలో ఉండి పీహెచ్‌డీ చేసింది. నన్ను బడికి ఎక్కువకాలం పంపలేదు. గురువు అని చెప్పుకోవడానికి నాకు ఎవరైనా ఉన్నారంటే, నా కూతురు వయసున్న ఆ పిల్లే. అయితే ఆమె దగ్గర నేను నేర్చుకున్నది బాతుల సంగతి కాదు.

మావారు రైల్వేలో రిటైరయ్యాక క్వార్టర్ ఖాళీ చేసి దగ్గరలోనే ఈ ఇంట్లోకి వచ్చాం. మేడమీద గది అద్దెకుందని నలుగురికీ చెప్పిన కొద్దిరోజులకే రజిత వచ్చింది. వాళ్లది వరంగల్ దగ్గర పల్లెటూరు. వీపున సంచి, మెడలో దుర్భిణి. తెలుగు మాట వినగానే నాకు ప్రాణం లేచొచ్చింది. లోపల కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చాను.

"ఏటి సదువుతన్నావమ్మా?" అన్నాను.

"పిట్టల మీద పీహెచ్‌డీ చేస్తున్న పెద్దమ్మా. ఈ జీల్‌కి వచ్చే బాతుల మీద." జీల్ అంటే మా దగ్గరున్న పెద్ద చెరువు. ఇక్కడ అందరం అలాగే అంటాం.

మావారు పేపరు దించి చూశారు. "బాతులకి పీహెచ్‌డీ ఏటమ్మా? అవి కూరకి గదా!"

"నేను వండేదాన్ని కాదు పెద్దనాయనా, లెక్కవెట్టేదాన్ని."

ఆయనకు ఆ జవాబు నచ్చింది. గది ఖాయమయింది.

పొద్దున్నే జీల్‌కి వెళ్లేది. ఎండెక్కాక వచ్చి స్నానం చేసి యూనివర్సిటీకి పోయేది. చెరువు మీద గుర్రపుడెక్క బొత్తిగా లేకపోతే బాతులకు కూర్చునే చోటుండదట, చెరువంతా కమ్మేస్తే దిగడానికి నీళ్లుండవట. ఎంత ఉంటే అవి నిలుస్తాయో తేల్చడమే ఆమె చదువు. వినడానికి ఇంతే. ఆ ఇంతకోసం ఎన్ని చలికాలాలు పోయాయో! భోజనం మా దగ్గరే. ముగ్గురం వంటింట్లో కింద కూర్చుని తినేవాళ్లం. అక్కడే నేను ఎన్నడూ ఎరగని అలవాటొకటి ఆ పిల్ల మా ఇంట్లోకి తెచ్చింది.

ఒకరోజు అన్నం కలుపుకుంటూ అంది: "ఇయ్యాల మా సార్ నా రెండో అధ్యాయం మళ్ల తిప్పి పంపిండు పెద్దమ్మా. మొత్తం మొదటి నుంచి రాయాల్నట."

"మరి నువ్వేటన్నావు?"

"సరే సార్ అన్న. బయటికొచ్చి మెట్ల మీద కూసొని ఏడ్చిన. తర్వాత ఆకలైంది. పెరుగుందా?"

నేను పెరుగు గిన్నె చేతిలో పట్టుకుని అలాగే ఉండిపోయాను. ఆమె పైకి వెళ్లాక మావారు విసుక్కున్నారు. "కూడుకాడ ఇయ్యేటి మాటలే? ఓడిపోయినోలు అలాగ సాటుకుంటారేటి?"

మా ఇంటి పద్ధతి వేరు మరి. మంచి జరిగితే వీధంతా మిఠాయి పంచేవాళ్లం. చెడ్డది జరిగితే నోరు కట్టేసుకునేవాళ్లం. యార్డులో ప్రమోషన్ పరీక్ష తప్పిన సంగతి మావారు నాకెప్పుడూ చెప్పలేదు. కుళాయి దగ్గర పక్క క్వార్టర్ ఆవిడ చెప్పింది. నాకు తెలిసిందని నేనూ ఆయనకు చెప్పలేదు. ఒకే సంగతిని ఇద్దరం చెరో మూల దాచుకుని ఏళ్లు గడిపేశాం. రజిత మాత్రం ఆ రోజు ఏం పోయిందో, ఎందుకు పోయిందో, తాను ఎక్కడ తడబడిందో పూసగుచ్చినట్టు చెప్పేసి, రెండోసారి అన్నం పెట్టించుకునేది.

ఆఖరికి వైవా రోజు వచ్చింది. రాసినదంతా పెద్దల ముందు నిలబడి నిలబెట్టుకోవడమే వైవా. ఎవరైనా వచ్చి వినవచ్చునట. వచ్చినవాళ్లకు ఫలహారం పెట్టుకోవలసింది మాత్రం చదివిన పిల్లే. మిగతా పిల్లలు సందేశ్ మిఠాయి, సింగాడా అనే ఇక్కడి సమోసాల డబ్బాలు పంచుతారని చెప్పింది. "మనింటి పిల్ల వైవాకి గారెలు నేకపోతే ఎలాగ?" అని డబ్బా నిండా గారెలు, పులిహోర పట్టుకుని నేనూ వెళ్లి వెనక వరసలో కూర్చున్నాను. రజిత ఇంగ్లీషులో గలగలా చెప్పింది. పెద్దవాళ్లు అడిగారు, ఆమె చెప్పింది. చివర అధ్యక్షులవారు హాలంతా చూసి, ఎవరైనా ఏమైనా అడుగుతారా అన్నారు. అది మర్యాదకు అనే మాటని, అప్పుడు ఎవరూ నోరెత్తరని నాకేం తెలుసు? లేచి నిలబడ్డాను. నాకు వచ్చిన బంగాళీలో, "దాదా, ఇంత చదివింది కదా, ఇప్పుడు ఈ పిల్లకి ఉద్యోగం ఎవరిస్తారు?" అన్నాను.

ముందు ఎవరో నవ్వారు, తర్వాత అందరూ నవ్వారు. అది పుస్తకంలోని విషయం కాదమ్మా అన్నారు అధ్యక్షులవారు మెత్తగా. రజిత నవ్వలేదు. అంతకుముందు అడిగినవాళ్లకు ఎంత శ్రద్ధగా జవాబిచ్చిందో అంత శ్రద్ధగానూ నావైపు తిరిగి, "నాకు తెలువది పెద్దమ్మా" అంది తెలుగులో.

ఆ జవాబే ఏడాదికి పైగా సాగింది. స్కాలర్‌షిప్ ఆగిపోయింది. ఒక కాలేజీలో గంటల లెక్కన పాఠాలు చెబుతూ, ఇంటర్వ్యూ అంటే చాలు రైలెక్కేది. వచ్చి కంచం ముందు కూర్చుని చెప్పేది. "అక్కడ కుర్చీల మనిషి ముందే కూసున్నడు పెద్దమ్మా. మమ్మల్ని ఊకెనే పిలిచిండ్రు." ఇంకోచోట, ఇంత చదివినవాళ్లు మా బడిలో ఎన్నాళ్లుంటారని పంపేశారట. మరోచోట బాతుల సంగతి వదిలేసి పెళ్లెప్పుడని అడిగారట. "అడిగినోడికి నేను సంబంధం చూస్తాను సెప్పు!" అన్నారు మావారు. అప్పటికి ఆయన కూడా ఈ కబుర్ల కోసం ఎదురుచూసేవారు.

వాళ్ల ఊరి దగ్గరి కాలేజీలో పర్మినెంటు పోస్టు పడింది. అన్నిటికన్నా దానిమీదే ఆశ పెట్టుకుంది. ఇంటర్వ్యూ బాగా చేసి వచ్చింది. వాళ్ల నాన్న అయితే, మా బిడ్డ ఇక ఇక్కడికే వస్తున్నదని ఊరంతా చెప్పేసుకున్నాడు. ఒక ఆదివారం మధ్యాహ్నం భోజనాలకు కూర్చున్నాం. ఫలితం ఏమైందమ్మా అన్నాను. "ఇంక తెలువలే" అంది, తల దించుకుని. అన్నం కెలుకుతోంది. పక్కనున్న ఫోను మోగింది. 'నాన్న' అని కనబడింది. ఆ మాత్రం తెలుగు నేనూ చదవగలను. ఆమె ఫోను బోర్లించేసింది.

మా ఇంటి జబ్బు ఈ పిల్లకి అంటుకుందా అనుకున్నాను. ఏం అనాలో తోచక, ఎప్పుడూ ఎవరికీ చెప్పనిది నోట్లోంచి వచ్చేసింది. "పెళ్లయిన కొత్తల్లో పిల్లల హాస్టల్లో వంటపనికి ఎల్లేనమ్మా. బస్తాల మీద బంగాళీ సదవమన్నారు. రాదన్నాను. ఎల్లిపొమ్మన్నారు. బజారుకెల్లొచ్చేనని ఇంట్లో సెప్పేను."

మావారి ముద్ద గాలిలోనే ఆగిపోయింది. "ఎప్పుడే? నాకు సెప్పనేదేటి?"

"నువ్వు పరీచ్చ తప్పిన సంగతి నాకు సెప్పేవేటి?"

"నీకు తెల్సా?"

"కుళాయికాడ అందరికీ తెల్సు. నీకే తెల్దు, మాకు తెల్సని."

రజిత మా ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసి పకపకా నవ్వింది. నవ్వుతూ నవ్వుతూనే ఏడుపులోకి వెళ్లిపోయింది. "నాకు రాలే పెద్దమ్మా. పొద్దుగాలనే తెలిసింది. నాన్నకు ఏం మొకం పెట్టుకొని చెప్పాలె?"

ఫోను మళ్లీ మోగింది. ఈసారి ఎడమచేత్తో తీసింది. చేతికి అన్నం ఉందని స్పీకరు పెట్టింది.

"నాన్నా, ఆ నౌకరీ నాకు రాలే."

అవతల ఎక్కడో నీళ్ల మోటారు తిరుగుతున్న చప్పుడు వినిపించింది.

"తిన్నవా?" అన్నాడు ఆయన.

"తింటున్న."

"తినుకుంటనే చెప్పు. ఏం అడిగిండ్రు బిడ్డా?"

రజిత చెప్పింది. ఒక్కొక్క ప్రశ్నా, ఒక్కొక్క జవాబూ. "అట్లెట్ల అడుగుతరు?" అని ఆయన మధ్యలో వాళ్లమీద కోప్పడ్డాడు. ఒక జవాబు దగ్గర, "అది మంచిగ చెప్పినవ్" అన్నాడు. ఆయనకు బాతుల శాస్త్రం ఏం తెలుసు? కూతురు చెబుతుంటే ఆ ఇంటర్వ్యూ గదిలో ఆయన కూడా ఆమె పక్కన కుర్చీ వేసుకున్నట్టుంది. ఆమె చేతి అన్నం ఎండిపోయింది. నేను వేడిగా మళ్లీ వడ్డించాను.

ఆ ఉద్యోగం రాలేదు, తర్వాత మరే కాలేజీలోనూ రాలేదు. కొన్నాళ్లకు కలకత్తా సాల్ట్ లేక్‌లో ఒక కంపెనీ తీసుకుంది. ఎక్కడైనా కట్టడం కట్టేముందు అక్కడి నీళ్లూ, పిట్టలూ చూసి చెప్పే పని. "నేను అనుకున్నది కాదు పెద్దమ్మా. చెరువుల దిక్కు మాత్రం పోనిస్తరు" అంది. ఇప్పుడు న్యూ టౌన్‌లో ఉంటోంది. తాను రాసిన రిపోర్టును పైవాళ్లు మెత్తబరిచారని ఒక్కోసారి ఫోన్లో పోట్లాటకు దిగినట్టే చెబుతుంది. నేను వింటాను. ఇంత చదువూ దండగైందని ఇరుగుపొరుగు అంటే నాకు ఒళ్లు మండుతుంది. కాలేదనీ గట్టిగా చెప్పలేను. తెలియదంటాను.

ఈ ఇంట్లోకి తర్వాత చాలామంది పిల్లలు వచ్చారు. పీహెచ్‌డీవాళ్లు, కంపెనీలవాళ్లు, రైల్వే పరీక్షలు రాసేవాళ్లు. వాళ్లు తిరిగొచ్చినప్పుడు వీధిలో అందరూ "వచ్చిందా?" అని అడుగుతారు. ఆ ప్రశ్నకు అవును, లేదు తప్ప మరో జవాబుకు చోటుండదు. లేదు అనవలసినవాడు తల వంచుకుని మెట్లెక్కి పోతాడు. నేను ఆ మాట అడగడం మానేశాను. మొన్న మేడమీది పిల్ల ఇంటర్వ్యూ నుంచి వచ్చింది. మొహం చూస్తేనే తెలిసిపోతోంది. కంచం పెట్టి, "ఏటడిగేరమ్మా?" అన్నాను. మెట్లవైపు తిరిగినదల్లా ఆగింది. తర్వాత చెప్పులు విప్పి, లోపలికొచ్చి, గోడకు ఆనుకుని కూర్చుని, మొదటినుంచి చెప్పడం మొదలుపెట్టింది.