మా తెలుగు టీచరు ఇంటిభాష

మా తెలుగు టీచరు పోయారు. పెనుకొండలో నేను పనిచేసే బ్యాంకులో మధ్యాహ్నం క్యారియర్ విప్పుతుండగా ఆమె కూతురు ఫోన్ చేసింది. "అమ్మ పోయిందక్కా. పొద్దున కూడా నాలుగు ముద్దలు తినింది" అంది. ఎక్కడ అని అడిగితే "అగళిలోనే, చిన్నమ్మ వాళ్ళింట్లోనే" అని, ఫోన్ పెట్టేసింది.

ధర్మవరంలో కాపురం చేసి, హిందూపురంలో ఉద్యోగం చేసి, పెనుకొండలో ఇల్లు కట్టుకున్న మనిషి చివరికి అగళిలో ఎందుకు కన్నుమూసిందో చెప్పాలంటే ఆమె సంగతి మొదటినుంచీ చెప్పాలి. ఆమె దగ్గర చదువుకున్నవాళ్ళు ఈ చుట్టుపక్కల ఊళ్ళల్లో చాలామంది ఉన్నారు. వాళ్ళలో కూడా సగం మందికి ఆమె ఇంటిభాష తెలుగు కాదని తెలియదు.

ఆమె పుట్టింది అగళిలో. ఆ ఊరు మన జిల్లాలోనే ఉన్నా, ఇంట్లో మాట్లాడేది కన్నడం. బడికి పోయేదాకా తెలుగంటే సంతలో వినబడే మాట అంతే. ఆ మాట ఎందుకు మనసుకు పట్టిందో ఆమే చెప్పలేకపోయేవారు. చదివి చదివి తెలుగు పండిత్ అయ్యారు. ధర్మవరంలో మగ్గం నేసే ఇంటికి కోడలిగా వెళ్ళారు. అక్కడినుంచి రోజూ పొద్దున ప్యాసింజర్ రైలెక్కి హిందూపురం బడికి వచ్చేవారు. రైల్లోనే పరీక్ష పేపర్లు దిద్దేవారు. అందుకే మా పేపర్ల మీద ఎర్ర టిక్కులు ఎప్పుడూ వంకరటింకరగా ఉండేవి. మార్కులు కూడేటప్పుడు మాత్రం పెదాలు కన్నడంలో కదిలేవి. ఒందు, ఎరడు, మూరు. మేము నవ్వితే ఆమె కూడా నవ్వి, "లెక్కలు ఇంకా తెలుగులోకి రాలేదు" అనేవారు.

నేను పరిగి పక్కన పల్లె నుంచి ఆ బడికి వచ్చాను. మా ఇంట్లో అందరిదీ కూలిపని. ఆదివారం చర్చి. టౌను పిల్లల మధ్య నోరు తెరవాలంటే భయం. నేను "యాడికి" అంటే వాళ్ళు "ఎక్కడికి" అని దిద్దేవాళ్ళు, దిద్ది నవ్వేవాళ్ళు. ఒకసారి మా ఊరి గురించి మాట్లాడే పోటీకి టీచరు నా పేరు ఇచ్చారు. బయటినుంచి పెద్దలు వచ్చి ముందు వరుసలో కూర్చున్నారు. నేను లేచి "మా ఊర్లో చెరువుండాది" అన్నాను. హాలంతా నవ్వు. నేను మిగతాదంతా మరిచిపోయాను. అప్పుడు పక్కన నిలబడిన టీచరు, ఏమీ జరగనట్టు, అందరికీ వినబడేలా అన్నారు: "చెరువుండాది. ఆ తర్వాత?"

నేను చెప్పుకుంటూ పోయాను. బహుమతి రాలేదు. సాయంత్రం స్టేషన్‌కు నడుస్తూ ఆమె నాతో చెప్పిన మాట మాత్రం ఇన్నేళ్ళయినా నా దగ్గరే ఉంది. "పరీక్షలో ఉంది అని రాయి. ఇంట్లో ఉండాది అను. రెండూ నీవే. ఒకటి నేర్చుకునేదానికి ఇంకోటి పారేసే పన్లేదు."

మా అవ్వ చర్చిలో "ప్రభువా, యాడుండావయ్యా, మా తట్టు చూడు" అని ప్రార్థన చేస్తుందని నేను చెప్తే, ఆ మాట ఇంకోసారి చెప్పమని అడిగారు. ఒక ఆదివారం నిజంగానే పరిగి బస్సెక్కి వచ్చి, వెనక చాపమీద కూర్చుని, మా అవ్వ ప్రార్థన విని వెళ్ళారు. అవ్వ ఆమెకు సంగటి పెట్టింది. "మా అమ్మ చేతిది ఇట్లే ఉంటాది, పేరే వేరే" అని తిన్నారు. వాళ్ళు దాన్ని ముద్దె అంటారట.

ఇంత చెప్పే మనిషి సొంత కూతురికి కన్నడం నేర్పలేదు. దానికి ఎవరి తప్పూ లేదు. పసిపిల్లగా ఉన్నప్పుడు రెండు భాషలూ కలిపేస్తుంటే, ఏదీ సరిగా రాకుండా పోతుందేమోనని అత్తగారు భయపడ్డారు. ఈమెకూ అది నిజమేననిపించింది. పైగా తెలుగు టీచరు కూతురు. అట్లా ఇంట్లో కన్నడం ఒక్క అగళి ఫోన్ వచ్చినప్పుడే వినబడేది.

భర్త పోయాక, ఉద్యోగమూ అయిపోయాక, పెనుకొండలో చిన్న ఇల్లు కట్టుకున్నారు. ధర్మవరంలో కూతురు, హిందూపురంలో స్నేహితులు, రెండింటికీ మధ్యలో ఉంటుందని. నాకు అదే ఊరికి బదిలీ అయ్యేసరికి మళ్ళీ రోజూ చూసే భాగ్యం దొరికింది. అప్పటికి పెనుకొండ మారిపోతోంది. ఫ్యాక్టరీలు వచ్చాయి. ఎవరూ చదవలేని కొరియా అక్షరాలతో హోటల్ బోర్డులు వచ్చాయి. వీధిలో హిందీ, ఒడియా, తమిళం. టీచరు మేడమీద గదులు ఒరిస్సా నుంచి వచ్చిన దంపతులకు బాడుగకిచ్చారు. ఎదురింటాయన ఒకరోజు, ఊరంతా బయటోళ్ళతో నిండిపోయిందని, మన భాష మనకే వినబడకుండా పోతోందని ఆమె దగ్గర వాపోయాడు. ఆయన బాధలో నిజం లేకపోలేదు. ఆమె కొట్టిపారేయలేదు. కొంచెంసేపు విని, "నేనూ బయటనుంచి వచ్చిందాన్నేప్పా. మీ పిల్లోళ్ళకు తెలుగు చెప్పింది నేనే గదా" అన్నారు. ఆయన నవ్వేశాడు. తర్వాత మేడమీది అమ్మాయికి కూరగాయల పేర్లు తెలుగులో నేర్పింది ఆయన భార్యే.

పోయిన ఏడాది ఆమెకు పక్షవాతం వచ్చింది. హిందూపురం ఆసుపత్రిలో కళ్ళు తెరిచాక కూతురు "అమ్మా" అని పిలిస్తే, ఆమె నిదానంగా ముఖం తిప్పి "యారు?" అన్నారు. ఎవరు అని. కుడిచేయి కొంచెం కొంచెంగా తిరిగొచ్చింది. తెలుగు తిరిగిరాలేదు. పెద్దయ్యాక నేర్చుకున్న భాష ఒక్కోసారి అట్లా పోతుందని, వస్తే రావచ్చని డాక్టరు చెప్పారు. మేము ఆమెకు ఇష్టమైన పద్యాలు చదివి వినిపించాం. ఎవరో పరాయి ఊరివాళ్ళు మాట్లాడుతుంటే మర్యాదగా వింటున్నట్టు విన్నారు. ఆ చూపు చూసి నేను బయటికి వచ్చేశాను.

అగళి నుంచి ఆమె చెల్లెలు వచ్చింది. ఊరు దాటి ఎక్కువ తిరగని మనిషి. మంచం పక్కన కూర్చుని కన్నడంలో ఏదో అడిగింది. అంతే, టీచరు మాట్లాడటం మొదలుపెట్టారు. ఒక్కో మాట వంకరపోతున్నా ఆగకుండా, నవ్వుతూ, మధ్యలో చెల్లెల్ని కసురుతూ. గది బయట వరండాలో కూతురు గోడకు ఆనుకుని ఏడ్చింది. "నాతో ఒక్క మాట లేదక్కా. చిన్నమ్మతో అన్ని మాటలుండాయి. నన్ను పెంచింది తెలుగులో గదా. ఆ అమ్మ యాడికి పోయినట్టు?" అంది. చేయి పట్టుకుని పక్కన కూర్చున్నాను.

అక్కను అగళికి తీసుకుపోతానని చెల్లెలు అడిగింది. కూతురు మొదట ఒప్పుకోలేదు. తర్వాత ఒప్పుకుని, తాను కూడా వెళ్ళింది. మగ్గం పని భర్తకు, ఇల్లు అత్తకు అప్పజెప్పి వారంలో సగం రోజులు అగళిలోనే ఉండేది. నేను చూడబోయినప్పుడు అరుగుమీద ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని ఉన్నారు. కూతురు చెంబు చూపించి దాని పేరు కన్నడంలో చెప్తోంది. తప్పు పలికితే తల్లి చూపుడువేలు లేస్తుంది. సరిగ్గా వచ్చేదాకా ఆ వేలు దిగదు. మాకు సంధులు, సమాసాలు చెప్పినప్పటి పట్టుదలే. నన్ను గుర్తుపట్టారో లేదో తెలియదు. "ఊట ఆయ్తా?" అన్నారు. తిన్నావా అని. హిందూపురం సంతలో తిరిగిన నాకు ఆ మాత్రం తెలుసు. లేదన్నాను, లోపలికి కేకేసి ముద్దె పెట్టించారు.

ఆ రోజు బస్టాపు దాకా వచ్చి కూతురు నాతో చెప్పింది. చిన్నప్పుడు ఈ ఊరికి సెలవులకు వస్తే తనకు విసుగట, అందరూ తనకు తెలియని మాటల్లో నవ్వుకుంటారని. ఇప్పుడు అమ్మ చిన్నప్పటి కథలు ఆ మాటల్లోనే వింటోంది. చింతచెట్టు ఎక్కి కిందపడ్డది, తెలుగు బళ్ళో మొదటిరోజు భయపడి పారిపోయి వచ్చింది, అన్నీ. "ఈ కథలు తెలుగులో ఎన్నడూ చెప్పలేదక్కా. నేనూ అడగలేదు" అంది. ఆమె ముఖంలో ఆసుపత్రి వరండాలో చూసిన దిగులు లేదు.

అట్లా ఎనిమిది తొమ్మిది నెలలు గడిచాయి. ఆ తర్వాతే ఆ ఫోన్ వచ్చింది.

మరుసటి రోజు నేను అగళి చేరేసరికి ఇంటిముందు ఎక్కడ మట్టి చేయాలన్న మాట నడుస్తోంది. పుట్టింటికి వచ్చి పోయిన మనిషిని ఇక్కడే ఉండనివ్వమని అగళివాళ్ళు. అన్న పక్కనే వదినకు చోటు ఉంచామని ధర్మవరం నుంచి వచ్చిన మరిది. ఆయన తాను నేసిన పట్టుచీర తెచ్చి ఆమె మీద కప్పి, ఆ చీర అంచు పట్టుకునే కూర్చున్నాడు. ఎవరూ గొంతు పెంచలేదు. అందరూ కూతురి వైపు చూశారు. ఆమె ముందు చిన్నమ్మకు కన్నడంలో, తర్వాత చిన్నాయనకు తెలుగులో ఒకే మాట చెప్పింది: "అమ్మ మాట ఈడికొచ్చింది. మనిషి నాయన దగ్గరికి పోవల్ల." చిన్నమ్మ కళ్ళు తుడుచుకుని, తానూ వస్తానని లేచింది.

వ్యానులో టీచరు పక్కన చెల్లెలు, కూతురు, నేను. దారి పొడుగునా ఆ చెల్లెలు అక్క చెవి దగ్గర వంగి, వచ్చిన ఊరల్లా చెప్తూనే ఉంది. "మడకశిర బంతక్కా." వచ్చింది అని. "హిందూపుర బంతక్కా." అక్కడ బడిముందు ఆపాం. పాత విద్యార్థులు, వాళ్ళల్లో కొందరు నెరిసిన జుట్టుతో, పూలు పెట్టి వెళ్ళారు. పెనుకొండలో ఇంటిముందు ఆపితే మేడమీది ఒరిస్సా అమ్మాయి చెంబుతో నీళ్ళు తెచ్చి వ్యాను ముందు పోసి, తన భాషలో ఏదో చెప్పుకుంటూ దండం పెట్టింది. ఎదురింటాయన ఆమె పక్కనే తల వంచుకుని నిలబడ్డాడు.

పెనుకొండ దాటాక చెల్లెలికి చెప్పడానికి ఊర్ల పేర్లు లేవు. అటువైపు అక్క పెళ్ళికి ఒక్కసారి వచ్చిందంతే, దారి తెలియదు. చీకటి పడకముందే ధర్మవరంలోకి దిగాం. సందు మలుపు తిరగగానే రెండువైపులా ఇళ్ళలోంచి మగ్గాల చప్పుడు. కూతురు ముందుకు వంగి, అమ్మ చెవి మీది వెంట్రుకలు సర్ది, మెల్లగా చెప్పింది.

"ధర్మవర బంతమ్మా."